ఆ "ట్రావెల్ డే"ని కొట్టేయకండి: కోస్టారికా వెళ్లే తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ

అమెరికాలో ఉంటూ, థాంక్స్‌గివింగ్‌కో స్ప్రింగ్ బ్రేక్‌కో పిల్లల్ని వెంటేసుకుని కోస్టారికా బయల్దేరే తెలుగు కుటుంబాలకు,

నమస్కారం.

మనవాళ్లలో కోస్టారికా ప్లానులు చేతులు మారుతూ ఉంటాయి. ఒకరు వెళ్లొస్తారు, వాళ్ల ఎక్సెల్ షీటు పదిళ్లకు చేరుతుంది, తేదీలు మార్చుకుని అందరూ అదే దారి పడతారు. నా చేతికొచ్చిన ఏ షీటు చూసినా ఒక గడి మాత్రం మారదు. అగ్నిపర్వతం పక్క ఊరు లా ఫోర్టునాలో రెండు రాత్రులు: వేడినీటి గుండాలు, జలపాతం, వేలాడే వంతెనలు. కొండ మీది ఊరు మాంటెవెర్డేలో ఒక రాత్రి: జిప్‌లైన్, అంటే తీగకు వేలాడుతూ చెట్ల మీదుగా జారే ఆట. ఈ రెంటికీ నడుమ ఒక పూట. ఆ పూటకు ఎదురుగా "ట్రావెల్ డే" అని రాసి, బూడిదరంగు పూసి వదిలేస్తారు. ఈ లేఖ ఆ బూడిదరంగు గడి గురించే.

ఆ గడి మీద వచ్చే ఫిర్యాదులు కూడా ఒకే రకం. "మ్యాపులో పక్కపక్కనే ఉన్నాయి కదా, అంతసేపెందుకు?" "ఇన్ని లక్షల మంది టూరిస్టులు వస్తుంటే ఒక మంచి రోడ్డు వేసుకోలేరా?" "మా వాడు వ్యాన్‌లో వాంతి చేసుకున్నాడు, ఈ జీపులూ పడవలూ వద్దు, తిన్నగా రాజధాని శాన్ హోసే వెళ్లిపోండి." చివరి దానికి చివర్లో జవాబిస్తాను. మొదటి రెండూ మంచి ప్రశ్నలు. జవాబు కోసం ఆగకుండా ముందుకెళ్లిపోతున్నాం, అదే నా బాధ.

లా ఫోర్టునా నుంచి మాంటెవెర్డేకు మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే పాతిక కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. కారులో వెళ్తే మాత్రం అరెనాల్ సరస్సును ఉత్తరపు ఒడ్డు వెంబడి చుట్టి, టిలరాన్ ఊరు దాకా పోయి, అక్కణ్నుంచి మళ్లీ కొండెక్కాలి. నూరు కిలోమీటర్లు దాటుతుంది, నాలుగు గంటలు చేతిలో పెట్టుకోవాలి. ఆ చుట్టు తగ్గించడానికి పుట్టిందే వ్యాన్-పడవ-వ్యాన్ పద్ధతి. ప్రకటనల్లో "జీప్-బోట్-జీప్" అని ఉంటుంది. పిల్లలు జీపు కోసం ఎదురుచూస్తారు, వచ్చేది మామూలు టూరిస్టు వ్యాన్. మనిషికి ముప్ఫై డాలర్ల చుట్టుపక్కల. హోటల్ గుమ్మం దగ్గర ఎక్కించుకుని, ఆనకట్ట దగ్గరి రేవులో దించి, సరస్సు దాటించి, అవతలి ఒడ్డున ఇంకో వ్యాన్ ఎక్కిస్తారు. మొత్తం మూడు, మూడున్నర గంటలు.

మరి ఆ గీత వెంబడే రోడ్డు ఎందుకు లేదు? కొండలు నిటారుగా ఉండడం ఒక కారణం. రెండో కారణం ఆ గీత కిందే ఉంది. స్కేలును కాస్త జాగ్రత్తగా పెట్టి చూడండి: అది పెన్యాస్ బ్లాంకాస్ నది లోయ మీదుగా పోతుంది. అక్కడున్నది బోస్కే ఎతెర్నో దె లోస్ నీన్యోస్, అంటే పిల్లల శాశ్వత అరణ్యం. 1987లో స్వీడన్‌లో ఒక చిన్న పల్లె బడిలో పిల్లలు వర్షారణ్యాల గురించి పాఠం విని, "ఆ అడవిని మనమే కొనేస్తే ఎవరూ నరకరు కదా" అనుకున్నారు. చందాలు పోగేసి, మాంటెవెర్డేలో అంతకు ముందు ఏడాదే ఏర్పడిన పరిరక్షణ సంఘానికి పంపారు. తర్వాత చాలా దేశాల పిల్లలు అదే పని చేశారు. ఇవాళ ఆ అడవి 22,000 హెక్టార్ల పైమాట. కోస్టారికాలో ప్రైవేటు రక్షిత అరణ్యాల్లో అదే పెద్దది. పడవలో వెళ్తూ ఎడమచేతి వైపు ఒడ్డుకు పైన పచ్చగా, తలలు మబ్బులో పెట్టుకుని ఉండే కొండలు చూడండి. అవతలి వాలు నిండా ఆ అడవే. మీరు చుట్టూ తిరిగి వెళ్తున్నది దానికి దారి ఇచ్చి.

మీ పిల్లల వయసు పిల్లలు కొన్న అడవి అది. ఆ సంగతి పడవలో చెప్పకుండా వాళ్ల చేతికి ఐపాడ్ ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక సరస్సు సంగతి. చూస్తే వెయ్యేళ్లుగా అక్కడే ఉన్నట్టుంటుంది. వెనక అరెనాల్ అగ్నిపర్వతం శంఖాన్ని బోర్లించిన ఆకారంలో నీళ్లలో నీడ వేసి ఉంటుంది. కానీ ఈ రూపంలో ఆ సరస్సు వయసు మీలో చాలామంది వయసే. ఇంతకుముందు అక్కడ చిన్న సహజ సరస్సు ఉండేది. 1970లలో దేశపు విద్యుత్ సంస్థ, వాళ్లు ఈసే అంటారు, ఆనకట్ట కట్టింది. 1979లో పని పూర్తయ్యాక సరస్సు సుమారు 85 చదరపు కిలోమీటర్లకు పెరిగి దేశంలోకెల్లా పెద్దదైంది. పాత అరెనాల్, త్రొనదోరా అనే ఊళ్లు నీళ్లలో మునిగాయి. జనాన్ని పైకి తరలించి కొత్త ఊళ్లు కట్టించారు. ఉత్తరపు ఒడ్డున ఇప్పుడు కనిపించే నుయెవో అరెనాల్ పేరులోనే ఆ కొత్తదనం ఉంది. శ్రీశైలం నీళ్ల కింద ఏమున్నాయో తెలిసిన జనం మనం. ముంపు గ్రామం అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించక్కర్లేదు. పడవ వాడు ఆ సంగతి తనంతట తాను చెప్పకపోవచ్చు. అడిగితే మాత్రం చెబుతాడు.

నాకు ఇంకా ఆశ్చర్యంగా తోచేది ఆ నీళ్ల ప్రయాణం. సహజంగా ఆ నీళ్లు తూర్పుకు, కరీబియన్ సముద్రం వైపు పోవాల్సినవి. ఆనకట్ట కట్టాక వాటిని సొరంగాల గుండా కొండకు అవతల పడమరకు మళ్లించారు. దారిలో ఒకదాని కింద ఒకటిగా విద్యుత్ కేంద్రాలు, వాటన్నిటినీ తిప్పాక నీళ్లు పసిఫిక్ వైపున్న గువానకాస్తె ప్రాంతపు బీడు నేలలకు సాగునీరుగా పోతాయి. కరీబియన్ వాన పసిఫిక్ వైపు వరి, చెరకు పండిస్తుందన్నమాట. ఒకప్పుడు దేశానికి కావలసిన కరెంటులో పెద్ద వాటా ఇక్కణ్నుంచే వచ్చేది. ఇప్పటికీ కోస్టారికా కరెంటు చాలావరకు నీటి మీదే నడుస్తుంది. అందుకే వాన తప్పితే ఇబ్బంది పడుతుంది. 2024 మే నెలలో కరువు వల్ల కరెంటు కోతలు ప్రకటించారు కూడా, ఇంతలో వానలు అందుకోవడంతో వెనక్కి తీసుకున్నారు. మీ హోటల్ గదిలో ఏసీ లేదని కోపం వచ్చినప్పుడు ఇది ఒకసారి గుర్తు చేసుకోండి. మాంటెవెర్డేలో ఏసీతో పని లేదు లెండి, 1,400 మీటర్ల ఎత్తు, రాత్రికి దుప్పటి కావాలి.

అగ్నిపర్వతాన్ని కూడా పోస్టరులా చూసి వదలకండి. 1968 జూలై 29న పేలే వరకు అది చల్లారిన కొండే అనుకున్నారు అక్కడివాళ్లు. పడమటి వైపున్న తబకోన్, పుయెబ్లో నుయెవో అనే పల్లెలు ఆ పేలుడులో తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత నలభై ఏళ్లకు పైగా, 2010 దాకా, రాత్రిపూట ఎర్రటి రాళ్లు దొర్లిస్తూనే ఉంది. ఆ మంటలు చూడ్డానికి వచ్చిన జనంతోనే లా ఫోర్టునా ఊరు ఇంత పెద్దదైంది. మీరు మునిగి సేదతీరే వేడినీళ్లు ఆ కొండ పొట్టలోంచి వచ్చేవే. తూర్పు వాలు పల్లెలు బతికాయి, పడమటివి పోయాయి. అంతకు మించి లెక్క లేదు అందులో.

ఆనకట్ట రోడ్డు మీద ఒక చోట వ్యాన్లు ఆగుతాయి, లేదా బాగా నెమ్మదిస్తాయి. పొడవాటి ముక్కు, నిటారుగా లేచిన తోకతో కొన్ని జంతువులు రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉంటాయి. కొవాటీలు, అక్కడివాళ్లు పిజోటె అంటారు. అవి ఊరికే నిలబడలేదు. టూరిస్టులు చిప్స్ విసిరి విసిరి వాటికి ఆ అలవాటు చేశారు. అడవి జంతువులకు తిండి పెట్టడం కోస్టారికాలో చట్టవిరుద్ధం. చట్టం సంగతి అలా ఉంచినా, రోడ్డు మీదికొచ్చి కార్ల కింద పడేది అవే, పిల్లల చేతిని కరిచేదీ అవే. "పాపం ఆకలిగా ఉంది" అనే మన దయాగుణం అక్కడ పనికిరాదు. పిల్లలు బిస్కెట్ ప్యాకెట్ తీస్తే దయచేసి ఆపండి.

పడవ మీద గడిపేది అరగంట, ముప్పావుగంట. రేకు కప్పు, పక్కలు తెరిచి ఉంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యపు గాలి సరస్సు మీదుగా ఈడ్చి కొడుతుంది. మండుటెండలో బయల్దేరి మధ్యలో జల్లు పడడం మామూలే. ఆ గాలికే సరస్సు పడమటి చివర విండ్‌సర్ఫింగ్ ఆడేవాళ్లు చేరతారు, టిలరాన్ గట్ల మీద గాలిమరలు తిరిగేదీ ఆ గాలికే. ఇంకో మాట: ఆ గాలే కరీబియన్ నుంచి తడిని మోసుకొచ్చి, కొండకు కొట్టి, పైకెక్కించి, చల్లార్చి మబ్బు చేస్తుంది. మీరు రేపు పొద్దున టికెట్ కొని చూడబోయే మబ్బుల అడవి ఈ రోజు మీ మొహం మీద కొట్టిన గాలితో తయారైనదే. కొంగలు, నీటికాకులు ఎన్ని చూశారని కాదు, ఈ ఒక్క లంకె పిల్లలకు అర్థమైతే ఆ ముప్ఫై డాలర్లు గిట్టుబాటయినట్టే.

దయచేసి బ్లూటూత్ స్పీకరు తీయకండి. అది మన పడవ కాదు. అందులో ఇంకో పదిమంది ఉంటారు.

అవతలి ఒడ్డు రియో చికిటో. పెద్ద రేవు కాదు. దిగగానే వాలు, మట్టి. అక్కణ్నుంచి గంటా, గంటన్నర కొండెక్కడం. ఇక్కడే మన ఫిర్యాదులు మొదలవుతాయి. రోడ్డు చాలాభాగం కంకర, ఎండాకాలంలో దుమ్ము, వానాకాలంలో బురద.

రోడ్ల మీద మాంటెవెర్డేలో దశాబ్దాల పాటు వాదన నడిచింది. పసిఫిక్ వైపు నుంచి వచ్చే రోడ్డుకు తారు వేయాలా వద్దా అన్నది ఊరికి పెద్ద తగువు. వేయాలన్నవాళ్లు పాలబండ్లు, అంబులెన్సులు, బడి బస్సుల గురించి మాట్లాడారు. వద్దన్నవాళ్లు, రోడ్డు బాగైతే సముద్రతీరం నుంచి పొద్దున్నే బస్సులేసుకొచ్చి, మధ్యాహ్నం దాకా జిప్‌లైన్ మీద ఊగి, సాయంత్రానికి దిగిపోయే జనంతో ఊరు నిండిపోతుందని భయపడ్డారు. చివరికి ఆ వైపు తారు పడింది. ఇద్దరి మాటా నిజమైంది. మనం ఎటు వైపు అని నన్నడిగితే, ప్రసవానికి పోవాల్సిన మనిషి ఉన్న ఊరికి రోడ్డు వద్దనే హక్కు నాలాంటి టూరిస్టుకు లేదు. అలాగే, ఒక్క రాత్రి పడుకోవడానికి వెళ్తూ రోడ్డు బాగాలేదని ఆ ఊరికి రివ్యూలో రెండు చుక్కలు ఇచ్చే హక్కూ లేదు.

ఆ ఎక్కుడులో కిటికీలోంచి కనిపించేది ఎక్కువగా పచ్చిక. ఆవులు, కంచెలు, గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరసలు. "ఇదేంటి, అడవి అన్నారు, అంతా బీడే కదా" అని ఒకరు నిరాశగా రాశారు. ఆ బీడే చూడాలి. ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి పశువుల మేత కోసం కోస్టారికా తన అడవిని ఎంత వేగంగా నరికిందంటే, 1980లకు దేశంలో నాలుగో వంతు మాత్రమే అడవి మిగిలింది. ఇప్పుడు సగానికి పైగా ఉంది. 1996లో తెచ్చిన అటవీ చట్టం అడవిని వేరే అవసరాలకు మార్చడాన్ని నిషేధించింది. చెట్టు నిలబెట్టిన రైతుకు డబ్బిచ్చే పద్ధతి పెట్టింది. ఆ డబ్బు ముఖ్యంగా ఇంధనం మీద వేసే పన్నులో ఒక భాగం నుంచి వస్తుంది. అంటే మిమ్మల్ని కుదిపేసే ఆ వ్యాన్ తాగే డీజిలు కూడా ఎక్కడో ఒక చెట్టుకు కాస్త అద్దె కడుతోంది. కొండ ఎక్కుతుంటే పచ్చిక, ఆపైన తుప్పలు, ఆపైన లేత అడవి, చివరగా ముదురు అడవి ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. దేశం గత డెబ్భై ఏళ్లలో నడిచిన దారిని వెనక నుంచి ముందుకు చూపించే కొండ అది.

మాంటెవెర్డే చేరాక, గదిలో సామాను పడేసి జిప్‌లైన్‌కి పరిగెత్తే ముందు, ఆ ఊరు ఎలా పుట్టిందో తెలుసుకోండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాని కథ. 1949లో అమెరికాలో అలబామా రాష్ట్రం ఫెయిర్‌హోప్ ఊరికి చెందిన నలుగురు క్వేకర్ యువకులు జైలుకు వెళ్లారు. క్వేకర్లంటే యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖ. సైన్యంలో చేరడానికి పేరు నమోదు చేసుకోవాలన్న చట్టాన్ని వాళ్ల మతవిశ్వాసం ఒప్పుకోలేదు. చంపడానికి సిద్ధపడే పట్టికలో పేరు రాయించుకోవడం కూడా హింసలో భాగమేనని వాళ్ల నమ్మకం. బయటికొచ్చాక, యుద్ధాలకు పన్ను కడుతూ ఆ దేశంలో ఉండలేమనుకున్నారు. సరిగ్గా ఆ సమయానికే, 1948 డిసెంబరులో, కోస్టారికా తన సైన్యాన్ని రద్దు చేసింది. 1949 రాజ్యాంగంలో ఆ మాట రాసుకుంది. ఆ వార్త విని పదకొండు కుటుంబాలు, నలభై మందికి పైగా, దక్షిణానికి బయల్దేరారు. 1951లో ఈ కొండ మీద సుమారు 1,400 హెక్టార్లు కొన్నారు. పచ్చకొండ అన్న అర్థంలో మాంటెవెర్డే అని పేరు పెట్టారు. ఎద్దుబండ్లు తప్ప వేరే బండ్లు సులువుగా ఎక్కని దారి. పాలు కిందికి దించేలోపు విరిగిపోతాయి కాబట్టి 1953లో జున్నులాంటి నిలవ సరుకు, చీజ్, తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టుకున్నారు.

అమెరికాకు ఎంతో కష్టపడి వచ్చిన మనకు, అమెరికా వద్దని వెళ్లిపోయిన వాళ్లు కట్టిన ఊరు వింతగానే ఉంటుంది.

వాళ్లు చేసిన పనుల్లో నేను నెత్తిన పెట్టుకునేది ఒకటుంది. కొన్న నేలలో మూడో వంతు, కొండ పైభాగం, పంచుకోకుండా నరక్కుండా వదిలేశారు. ఎకో టూరిజం అన్న మాట అప్పటికి ఇంకా పుట్టలేదు. పక్షుల కోసమూ కాదు. తాగునీటి ఊటలు పైన ఉన్నాయి, చెట్లు పోతే నీళ్లు పోతాయి. అంతే లెక్క. ఇరవై ఏళ్ల తర్వాత, 1972లో, జార్జ్ పావెల్ అనే పరిశోధక విద్యార్థి, విల్‌ఫర్డ్ గిండన్ అనే క్వేకర్ రైతు కలిసి మాంటెవెర్డే మబ్బుల అడవి రిజర్వును మొదలుపెట్టినప్పుడు, దాని పక్కనే ఆ వదిలేసిన అడవి సిద్ధంగా ఉంది. గిండన్ అంతకుముందు రంపంతో చెట్లు కొట్టిన మనిషి. తర్వాత జీవితమంతా అదే అడవికి కాపలా కాశాడు.

ఆ అడవిలో ఏం చూడాలి? మనవాళ్లు కెట్సాల్ అనే పక్షి కనబడకపోతే డబ్బు వృథా అన్నట్టు మాట్లాడతారు. మార్చిలో వెళ్తే కనబడే అవకాశం బాగానే ఉంది, అది గూడు కట్టే కాలం. కానీ కొమ్మల మీదికి చూడండి. ప్రతి కొమ్మ మీదా నాచు, ఫెర్న్‌లు, ఆర్కిడ్లు, వాటి వేళ్ల మధ్య కుళ్లి తయారైన మట్టి. ఇవి బదనికల్లా చెట్టు రసం పీల్చవు, చోటు మాత్రం వాడుకుంటాయి. వాన పడని రోజున కూడా గాలిలో పోయే మబ్బు నుంచి నీటిని దువ్వి తీసి కిందికి కార్చేది ఇవే. నళినీ నాద్కర్ణి అనే శాస్త్రవేత్త, తండ్రి భారతీయుడు, పర్వతారోహకుల తాళ్లతో ఈ చెట్లెక్కి దశాబ్దాల పాటు ఈ పైలోకాన్నే చదివారు. ఆమె చెప్పిన వాటిలో నాకు గుర్తుండిపోయింది, కొమ్మ మీద నాచును ఒకసారి ఒలిచేస్తే తిరిగి రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుందని. మెత్తగా ఉంది కదా అని పిల్లలు చేత్తో లాగుతుంటారు. లాగనివ్వకండి.

ఇదే అడవిలో బంగారు కప్ప ఉండేది. మగది నారింజ రంగులో వెలిగిపోయేది. ప్రపంచంలో ఈ గట్టు మీద, కొద్ది చదరపు కిలోమీటర్లలో తప్ప ఇంకెక్కడా లేదు. 1987లో నీటిగుంటల దగ్గర పదిహేను వందల దాకా లెక్కకొచ్చాయి. మరుసటి ఏడాది పదో పదకొండో. 1989లో ఒక్కటి. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. 2004లో అంతరించిందని ప్రకటించారు. ఎవరూ నరకలేదు, ఎవరూ వేటాడలేదు, రిజర్వు మధ్యలో ఉంటూనే పోయింది. ఎల్ నీన్యో కరువు, కప్పల చర్మానికి పట్టే ఒక బూజు తెగులు, వేడెక్కే గాలితో మబ్బు పైపైకి జరగడం, వీటిలో దేని వాటా ఎంత అన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. కంచె వేస్తే సరిపోదన్నది మాత్రం తేలిపోయింది.

కెట్సాల్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మీ "ట్రావెల్ డే"కు అన్నిటికన్నా పెద్ద సమర్థకుడు ఆ పక్షే. పావెల్ తర్వాతి రోజుల్లో కెట్సాళ్లకు చిన్న రేడియోలు కట్టి వెంబడించాడు. గూడు కాలం అయిపోగానే అవి రిజర్వులో ఉండడం లేదు. మొదట పసిఫిక్ వాలు మీదికి దిగుతాయి, తర్వాత గట్టు దాటి కరీబియన్ వైపు దిగువ అడవుల్లోకి పోతాయి, మళ్లీ పైకొస్తాయి. అడవి ఆవకాడో జాతి కాయలు ఎప్పుడు ఎక్కడ పండితే అక్కడికి. కాయ మొత్తం మింగి, గింజను ఇంకోచోట ఉమ్మేస్తాయి, అలా చెట్టు కూడా వాటితో ప్రయాణం చేస్తుంది. కాబట్టి టికెట్ ఉన్న అడవిని ఒక్కదాన్నే కాపాడితే కెట్సాల్ బతకదు. మీరు వ్యాన్‌లో కళ్లు మూసుకుని దాటేసిన ఆ పచ్చికల మధ్య ఉన్న చెట్ల గుంపులు, వాగుల వెంబడి మిగిలిన అడవి పేలికలు, అవన్నీ దానికి కావాలి. ఈ సంగతి తెలిశాకే మాంటెవెర్డే నుంచి పసిఫిక్ తీరపు మడ అడవుల దాకా తెగిపోయిన అడవి ముక్కల్ని కలపాలని పూనుకున్నారు. ఆ నడవకు మూడు తోలుమీసాల గంటపక్షి పేరు పెట్టారు. అదీ ఇలాగే కొండలు దిగి ఎక్కే పక్షే.

ఇంతా చెప్పి మిమ్మల్ని అడిగేది కొంచెమే. మాంటెవెర్డేలో ఒక్క రాత్రి కాకుండా కనీసం రెండు, వీలైతే మూడు ఉండండి. లా ఫోర్టునాలో ఒకటి తగ్గించుకున్నా ఫర్వాలేదు. మబ్బు మీ షెడ్యూలు చూసి విడిపోదు. గైడును పెట్టుకోండి, ముఖ్యంగా రాత్రి నడకకు. మన కళ్లకు ఆకు కనిపించేచోట వాళ్ల కళ్లకు కప్ప కనిపిస్తుంది. శాంటా ఎలెనా రిజర్వుకు కూడా వెళ్లండి. దాన్ని నడిపేది ఊళ్లోని హైస్కూలు. మీ టికెట్ డబ్బు బడికి పోతుంది. జిప్‌లైన్ వద్దనను, 1990లలో అది వ్యాపారంగా పుట్టిందే ఈ ఊళ్లో, పిల్లల ఉత్సాహం నాకు తెలుసు. అది మధ్యాహ్నం పెట్టుకోండి, పక్షులు మాట్లాడే పొద్దుటి పూట అరుపులతో పాడు చేసుకోకండి. వేసవిలో ఆ ఊరికి నీళ్ల ఎద్దడి ఉంటుంది, స్నానాలు క్లుప్తంగా. తిండికి సోదాల్లోకి, అంటే అక్కడి చిన్న చిన్న భోజన హోటళ్లలోకి వెళ్లండి, కసాదో అడగండి: అన్నం, చిక్కుడు గింజలు, కూర, వేయించిన అరటిపండు. శాకాహారులు "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అని ఊరుకుంటే కోడి రావచ్చు, "సిన్ పోయో" (కోడి లేకుండా) కూడా కలపండి. చిక్కుడు గింజలు పంది కొవ్వుతో వండారేమో ఒకమాట అడగండి. వెంట తెచ్చుకున్న పచ్చడి సీసా తీస్తే ఎవరూ ఏమీ అనరు, పైగా రుచి చూస్తామంటారు.

ఇక ఆ వాంతుల సంగతి, దానితోపాటు "అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా" అనే ప్రశ్న. తీసుకెళ్లొచ్చు. ముందు వాళ్ల పాస్‌పోర్టుకూ వీసాకూ వర్తించే నియమాలు కోస్టారికా కాన్సులేట్ దగ్గర చూసుకోండి, అవి మారుతుంటాయి. పొద్దున బయల్దేరే పడవకే టికెట్ తీసుకోండి. మధ్యాహ్నం గాలి, వాన ఎక్కువ. రేవులో మెట్లు లేకపోవచ్చు, పడవలోకి ఎక్కేటప్పుడూ రియో చికిటోలో దిగేటప్పుడూ చెయ్యందించాలి, జారని చెప్పులు ఉండాలి. సామాను వాళ్లే మోస్తారు, మందుల సంచీ మాత్రం మీ ఒళ్లోనే ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను రెండో వ్యాన్‌లో డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టమని ముందే చెప్పండి, వెనక చక్రాల మీద సీటు పెద్దవాళ్లకు పనికిరాదు. పిల్లలకు కడుపు నిండా పెట్టి ఎక్కించకండి, ఇడ్లీలాంటి తేలికైనదేదైనా చాలు. ఫోను చూస్తే తిప్పుతుంది, కిటికీలోంచి చూస్తే తిప్పదు. మలుపుల్లో ఎవరికైనా మరీ ఇబ్బందిగా ఉంటే డ్రైవరుకు చెప్పండి, ఆపుతాడు. ఆగినప్పుడు దిగి వెనక్కి చూడండి, ఎండ ఉంటే సరస్సు మొత్తం కనిపిస్తుంది.

ఇట్లు,
మీ షీట్లు చదివి చదివి ఈ లేఖ రాసిన ఒక తెలుగు ప్రయాణికుడు